మూడో సంచి మీదివాడు

విరిగిన చేతులతో పుత్తూరుకు వచ్చి ఎముకలు కట్టించుకున్నవాళ్లు, కట్టు విప్పాక తిన్నగా మునస్వామి స్టూడియోకి వచ్చేవాళ్లు. బాగైన చెయ్యి పైకెత్తి ఫోటో తీయించుకుని, ఇంటికి తీసుకెళ్లి గోడకు తగిలించుకోవడం ఆ చుట్టుపక్కల ఆనవాయితీ. మునస్వామి నల్లగుడ్డ కింద దూరి సరిచూసుకుని, బయటికొచ్చి కెమెరా మూత తీస్తూ "ఉండు" అనేవాడు. మళ్లీ ఆయన మూత పెట్టి "సాలు" అనేదాకా ఎంతటి మోతుబరి అయినా ఊపిరి బిగబట్టి నిలబడాల్సిందే. కెమెరా ముసలిది. మనిషి రవ్వంత కదిలినా గాజుపలక మీద ముఖం అలికినట్టయ్యేది.

ఏళ్ల తరబడి ఎత్తిన చేతులే తీసి తీసి ఆయనకు రోత పుట్టింది. మదరాసు పత్రికలో గుర్రాలు కంచెలు దూకే ఫోటోలు చూసినప్పుడల్లా కడుపు మండేది. ఆ పత్రికవాళ్లు ఏటా ఆటల ఫోటోలకు పోటీ పెట్టేవాళ్లు. చచ్చేలోగా ఒక్కసారైనా అందులో తన పేరు చూసుకోవాలని ఆయన కోరిక. కానీ కదిలేది ఏదీ ఆయన కెమెరాకు చిక్కదు. చిక్కితే ఒక్క జయరావే చిక్కాలి.

జయరావు కూలి పనికి పోయే ఆనందమ్మ కొడుకు. వాడు ఎగిరితే వెంటనే దిగడు. పసివాడుగా ఉన్నప్పుడు ఆనందమ్మ వాడి నడుముకు తాడు కట్టి, రెండో కొస రోలుకు ముడివేసి పనికి పోయేది. పెద్దయ్యాక చింతకాయల కాలంలో ఊరివాళ్లు నిచ్చెన వెతుక్కోకుండా వాణ్నే పిలిచేవాళ్లు. ఒకరికి గొంతు బాగుంటుంది, ఒకరి చేతి పులుసు బాగుంటుంది, వీడికి ఎగరడం బాగా వచ్చు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకున్నది లేదు.

మిషను బడిలో అమెరికా పాదిరీ దొర కుర్రవాళ్లకు బేస్‌బాల్ నేర్పాడు. మైదానంలో నాలుగు మూలలా నాలుగు ఇసక సంచులు. బంతిని కొట్టినవాడు మూడు సంచులూ చుట్టి, బయల్దేరిన ఇంటి సంచికి తిరిగొస్తే ఒక పరుగు. ఎంత ఎత్తు బంతయినా జయరావు పైకి లేచి, కాయ కోసినంత నిమ్మళంగా పట్టేసేవాడు.

మునస్వామి సాయంత్రాలు కెమెరా మోసుకుని మైదానానికి రావడం మొదలుపెట్టాడు. యుద్ధం మూలంగా గాజుపలకలు దొరకడం లేదు. అందుకని ఖాళీ కెమెరాతోనే సాధన. ఇంటి సంచి వెనక చోటు చూసుకుని, కెమెరా కాళ్లు కురచ చేసి, నేల మీద గొంతుక్కూర్చునేవాడు. అక్కణ్నుంచి చూస్తే కుర్రవాడు వెనకున్న కొండకంటే ఎత్తున కనిపించేవాడు.

"బంతీ, సెయ్యీ, మొగమూ, కొండా. నాలుగూ ఒకే పటంలో పడాల. నేను ఉండు అంటే కదలగూడదప్పా," అనేవాడు.

"అట్నే మామా," అనేవాడు జయరావు.

పెద్దవాళ్ల మాట జవదాటని పిల్లవాడు. ఎండాకాలమంతా ఆ మాట విని గాలిలో ఆగడం వాడికి అలవాటైపోయింది. ఆ అలవాటు చేసిన పాపం మాత్రం మునస్వామిదే.

ఆ ఏడు చిత్తూరు జట్టుతో పందెం పడింది. గెలిచిన జట్టులోంచి ఒకణ్ని మదరాసులో డ్రిల్లు మాస్టరు చదువుకు తీసుకుంటామని అక్కడి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పుత్తూరు గెలిస్తే సీటు జయరావుదేనని పాదిరీ దొర ముందే చెప్పాడు. ఆనందమ్మ ఆ పూట పని మానుకుని, కొత్త రైక తొడుక్కుని, మైదానం గట్టు మీద కూర్చుంది. కొడుకు నీడపట్టున బతకాలని తప్ప ఆమెకు ఇంకో ఆశ లేదు.

మునస్వామి ఎక్కడో బతిమాలి ఒకే ఒక్క పలక సంపాదించాడు.

ఆట ముగిసే వేళకు రెండు జట్ల పరుగులూ సమానంగా ఉన్నాయి. వంతు చిత్తూరుది. వాళ్ల పొడుగుకాళ్లవాడొకడు మూడో సంచి మీద నిలబడి ఉన్నాడు. వాడు ఇంటి సంచి చేరితే చిత్తూరు గెలిచినట్టే. అప్పుడు కొట్టిన బంతి ఆకాశానికి లేచింది. జయరావు లేచాడు. కొండకు పైన, సాయంత్రపు వెలుతురులో, బంతి వచ్చి వాడి చేతిలో పడింది.

"ఉండు జయరావూ," అన్నాడు మునస్వామి.

జయరావు ఉన్నాడు.

మునస్వామికి తెలిసింది క్రికెట్టు. అందులో బంతి పట్టేస్తే అయిపోయినట్టే. ఇందులో అలా కాదు. బంతి పట్టినా ఆట ఆగదు. పట్టినవాడు వెంటనే ఇంటి సంచికి విసరకపోతే మూడో సంచి మీదివాడు పరుగెత్తి రావచ్చు. పాదిరీ దొర "విసురు, విసురు" అని గొంతు చించుకున్నాడు. మునస్వామి కళ్లకు కుర్రవాడు తప్ప ఏమీ కనపడలేదు, చెవులకు ఏమీ వినపడలేదు. తీరిగ్గా కెమెరా మూత పెట్టి "సాలు" అన్నాడు. జయరావు కాళ్లు నేల తాకేసరికి పొడుగుకాళ్లవాడు ఇంటి సంచి తొక్కేశాడు, ఆట ముగిసింది.

"పట్టినావు గదప్పా, మల్ల ఓడిపోయేదేంది?" అన్నాడు మునస్వామి, జనం చిత్తూరు కుర్రాణ్ని భుజాలకెత్తుకోవడం చూసి.

"పట్టినాక ఇసరాల మామా."

"అది తెలిసీ యాల ఉండినావు?"

"నువ్వు ఉండమంటివి గదా."

మదరాసు పెద్దమనిషి పొడుగుకాళ్లవాడి పేరు రాసుకుని రైలెక్కాడు. జయరావు రేణిగుంట గూడ్సు షెడ్డులో వేరుశనగ బస్తాలు మోసే పనిలో చేరాడు. చింతకాయల కాలానికి ఊరివాళ్లు ఎప్పటిలాగే పిలిచారు. వాడు వచ్చి ఎగిరాడు, అందరిలాగే దబ్బున నేలకు దిగాడు. మళ్లీ ప్రయత్నించాడు. చెట్టు యజమాని పోయి నిచ్చెన తెచ్చుకున్నాడు.

పోటీలో మొదటి బహుమతి మునస్వామికే వచ్చింది. పుత్తూరు బజారంతా మెచ్చుకున్నా ఆయనకు కూడు సయించలేదు. ఒక ఆదివారం గాజుపలక నుంచి తీసిన పెద్ద ఫోటో చంకన పెట్టుకుని ఆనందమ్మ ఇంటికి పోయాడు. ఆమె దాన్ని వాకిట్లో వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంతెత్తున ఉండినాడా నా కొడుకు," అంది. "దిగి రారా అని ఆ పొద్దు నేనన్నా అరిసింటే బాగుండు గదన్నా. నేనూ నోరు తెరుసుకుని సూస్తా కూసుంటి," అంది.

జయరావు భుజాల మీది బస్తా దుమ్ము దులుపుకుని వచ్చి, తల్లి పక్కన నిలబడి చూశాడు. బంతి, చెయ్యి, ముఖం, కొండ అన్నీ కుదిరాయి. పటంలో వాడి ముఖాన ఆ క్షణం ఉన్న సంతోషం చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది. ఫోటో కింది అంచున, ఇంటి సంచి దగ్గర, పరుగున వస్తున్న మనిషొకడు అలికినట్టు పడ్డాడు. జయరావు వాడి మీద వేలు పెట్టాడు.

"పటం శానా బాగుండాది మామా. ఈ కిందోన్ని ఒక్కణ్ని కత్తిరించేస్తే ఇంగా బాగుంటాది," అన్నాడు.

"అట్నేలే అప్పా," అన్నాడు మునస్వామి. పత్రికకు పంపేటప్పుడే తాను ఆ పని చేశానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.