షిఫ్టుకు పోయేవాళ్ల ముందర

ఎస్తరమ్మ చాపలు దులిపి పరిచేసరికి పిల్లలు ఒక్కొక్కరే బొమ్మల పుస్తకం ముందు చేరుతున్నారు. పుస్తకంలో ఒక మేకపిల్ల. ఒక పేజీలో గంతులేస్తుంది, ఒక పేజీలో కోపంతో లేని కొమ్ములు విసురుతుంది, మరో పేజీలో బోరున ఏడుస్తుంది. ఈ రోజు తాము ఏ మేకపిల్లో రాగానే వేలితో చూపించాలి. కోలారు గనులు మూతపడ్డాక కార్మికుల లైను ఇళ్ల మధ్య మిగిలిన ఈ చిన్న బడికి ఎస్తరమ్మే ఆయా. పొట్టి మనిషి, వాచిన మోకాళ్లు, ఫినాయిలు వాసన వదలని చేతులు.

నాలుగేళ్ల ప్రిన్సీ వచ్చి కోపం మేకపిల్లను వేలితో గట్టిగా పొడిచింది.

"మళ్లా చెప్పకుండా పోయినాడా మీ నాయన?" అంది ఎస్తరమ్మ.

పిల్ల తల ఊపింది.

ప్రిన్సీ లేవకముందే ఆమె తండ్రి జెరాల్డ్ పనికి బెంగుళూరు రైలెక్కేస్తాడు. లేపితే ఏడుస్తుంది. షిఫ్టుకు పోయే మగవాడి ముందు ఏడిస్తే అతనికి కీడని లైన్లలో పాత పట్టింపు. గని మూతపడింది గానీ పట్టింపు మూతపడలేదు. ఎస్తరమ్మా అందులోనే పెరిగింది. తండ్రి గనికి బయలుదేరితే పెదవి కొరుక్కుని నిలబడేది. ఒక రోజు ఆయన పైకి రాలేదు. అప్పుడూ ఆమెకు ఏడుపు రాలేదు, అలవాటు తప్పిపోయింది.

మొదట్లో ప్రిన్సీ తన కోపమంతా పక్కపిల్లల చేతుల మీద పళ్లతో తీర్చుకునేది. పుస్తకం వచ్చాక కొరకడం మాని వేలు చూపడం నేర్చింది. ఎస్తరమ్మ దిగులంతా ఇప్పుడు ఆ పిల్ల గురించే. మోకాళ్లు మొరాయించడంతో ఈ మధ్యాహ్నమే టేకల్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. తనూ చెప్పకుండా పోతే పిల్ల మళ్లీ మొదటికొస్తుంది. చెబుదామంటే కొరివితో తల గోక్కున్నట్టే.

"పిల్లోళ్లు నిద్రపోతా ఉండేటప్పుడు పోండి ఆంటీ. నేను చూసుకుంటా" అంది జూలీ టీచరు, మంచి మనసుతోనే.

ఎస్తరమ్మ అన్నం పెట్టింది, మూతులు కడిగింది, చెల్లాచెదరైన చెప్పులకు జతలు కలిపింది. పిల్లలు పడుకున్నాక సంచి చంకన పెట్టుకుని గడప దాకా వెళ్లింది కూడా. అక్కడ తన మీద తనకే అసహ్యం వేసింది. వెనక్కి వచ్చి ప్రిన్సీని తట్టి లేపింది.

"ప్రిన్సీ, నేను మా చెల్లెలూరికి పోతా ఉండాను. ఇంగ బడికి రాను."

పిల్ల పళ్లు బిగించి ఆమె చెయ్యి పట్టుకుంది. కొరుకుతుందని తెలిసినా ఎస్తరమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ప్రిన్సీ కొరకలేదు. పుస్తకం లాక్కుని, ఏడ్చే మేకపిల్ల మీద వేలు పెట్టింది.

"నేను ఏడిస్తే నీకు ఏమన్నా అయితాదా?"

"ఏమీ కాదమ్మా. ఏడువు."

పిల్ల బోరుమంది. నిద్రపోతున్న వాళ్లంతా లేచి కూర్చున్నారు. ఎస్తరమ్మ పిల్లను ఒళ్లోకి తీసుకుని, ఊరుకోమనకుండా అలాగే కూర్చుంది. కాసేపటికి తన చెంపలూ తడిశాయని తెలిసి ఆశ్చర్యపోయింది. సిగ్గుపడలేదు. ఏళ్ల బరువు దిగినట్టు ప్రాణం హాయిగా ఉంది.

ఏడుపు వెక్కిళ్లలోకి దిగాక ప్రిన్సీ తనంతట తానే ఒళ్లోంచి లేచింది. గేటు దాకా వచ్చి ముక్కు ఎగబీలుస్తూ చెయ్యి ఊపింది.

"రేపు నన్ను లేపి పొమ్మని నాయనకు చెప్తా" అంది.

ఎస్తరమ్మ నవ్వి, కుంటుకుంటూ మలుపు తిరిగింది.

లోపల చాప మీద ఆమె చేతిరుమాలు ఉండిపోయింది. ఇద్దరూ కళ్లు తుడుచుకున్నది, ఇంకా తడి ఆరలేదు.