తరగని పడుగు

అండాలమ్మ మోచేతులదాకా స్పిరిట్ రాసుకుంది. వెచ్చటి పెట్టె తలుపు తీసి, అరచేతిలో ఇమిడే చదునైన సీసాను రెండు చేతులా బయటికి తీసింది. "లేచినవా?" అని అడిగింది, రోజూ అడిగినట్టే. రెండేళ్ల కిందట కాలం చేసిన భర్త చక్రపాణిని పలకరించడం అది. సీసా అడుగున మసకగా అంటుకుని ఉన్నవి ఆయన గొంతు గడ్డలోంచి తీసి పెంచిన కణాలు మరి.

దిల్‌సుఖ్‌నగర్‌లో మూడో అంతస్తులోని ఆ చిన్న పరిశోధనశాలలో ఆమె అటెండరు. సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. ఎల్‌బీ నగర్ నుంచి నడిచే వచ్చింది. కొత్తపేటలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్న ఆడవాళ్లు ఇంత పులిహోర తిని పొమ్మన్నారు. వచ్చేటప్పుడు తింటానంది గానీ, ఆకలెక్కడిది?

లలితకుమారి మేడం రాలేనని పొద్దున్నే ఫోన్ చేసింది. ఇక్కడి పరిశోధన అయిపోయింది, ఆవిడ బెంగళూరు వెళ్లిపోతోంది. కణాలకు ఇవాళ కొత్త పోషకద్రవం పోస్తే వెంట తీసుకెళ్తుంది, లేకపోతే పారబొయ్యడమే. ఆ ద్రవాన్ని అండాలమ్మ బువ్వ అంటుంది.

"మీ ఆయనవి. మీ ఇష్టమేనండీ అండాలమ్మగారూ," అంది మేడం. "తీసుకెళ్తే మాత్రం మనందరం పోయాక కూడా బతికే ఉంటాయి."

ఎలా బతుకుతాయో ఆవిడే ఒకప్పుడు చెప్పింది. మామూలు కణం రెండైన ప్రతిసారీ లోపలి పోగుల కొసలు కాస్త అరుగుతాయట. అరిగీ అరిగీ ఒకనాటికి ఇక చీలలేక ఆగిపోతుంది. క్యాన్సరు కణం మాయదారిది. టెలోమరేజ్ అనేదాన్ని నిద్రలేపి, అరిగిన కొసలు అతికించుకుంటూనే ఉంటుంది. అండాలమ్మకు ఇట్టే ఎక్కింది. పోచంపల్లిలో ఆమె పనే అది: వేళ్లకు బూడిద రాసుకుని, మగ్గం మీద అయిపోవచ్చిన పడుగు కొసలకు కొత్త పోగులు అతకడం. చక్రపాణి నేసేవాడు, ఆమె అతికేది, మగ్గం ఆగేది కాదు. అప్పటినుంచీ సీసాలో ఉన్నది ఆయనే అనుకుంది పిచ్చిది.

గోరువెచ్చని నీళ్ల గిన్నెలో బువ్వ సీసా పెట్టి వచ్చి, కణాల సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. లోపలి గులాబీరంగు నీళ్లు పసుప్పచ్చగా తిరిగాయి. ఉన్నదంతా తినేశాయన్నమాట.

చివరి నెలలో ఆయనకు చెంచాడు గంజి దిగలేదు. నోటి పక్కనుంచి కారిపోతుంటే కొంగుతో తుడిచేది. మనిషి ఎముకల గూడయ్యాడు, గడ్డ మాత్రం పెరిగింది. ఆయన పస్తున్నాడు, అది తిన్నది. ఇన్నాళ్లూ తన చేత్తో ఎవరికి వడ్డిస్తోందో ఇప్పుడు తట్టింది అండాలమ్మకు. విసిరి కొట్టాలన్నంత కసి పుట్టింది. ఆ వెంటనే, ఇదీ పోతే ఆయనది ఇంకేం మిగలదని ఏడుపొచ్చింది. కింద రోడ్డు మీద జై తెలంగాణ కేకలు దాటిపోయాయి.

కళ్లు తుడుచుకుని మేడంకు ఫోన్ చేసింది. "ఒద్దు మేడం," అంది. "ఆయనని పోనిస్త."

బ్లీచింగు నీళ్లు కణాల సీసాలో పోసింది. పసుపు విరిగిపోయి నీళ్లు తేటపడ్డాయి. "శానా గోసపడ్డవు. ఇగ పండుకో," అంది. మూత బిగించి చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. తర్వాత దాన్ని చెత్త సంచిలో వేసి, తలుపుకు తాళం పెట్టి, మెట్లు దిగింది.

లోపల నీళ్ల గిన్నెలో, ఆయనకని వెచ్చబెట్టిన బువ్వ సీసా మూతైనా తియ్యకుండా చల్లారుతోంది.