సీసా మీది పేరు

"చల్లటి నీళ్ళు లేవా, ఉమ్ హాతిమ్?"

ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పట్టుకుని ఫక్రీ పెళ్ళాన్ని అడిగాడు. ఉమ్ హాతిమ్ అంటే హాతిమ్ వాళ్ళమ్మ. లోపల పదకొండు సీసాలున్నాయి. ప్రతిదాంట్లోనూ అడుగున ఒక్కో గుక్క మిగిలి ఉంది. ఆ ఇంట్లో సీసా ఖాళీ చేసిన పాపం ఎవరూ కట్టుకోరు. చివరి గుక్క వదిలేసి, మూత బిగించి, తీసిన చోటే పెట్టేస్తారు. ఖాళీ చేసినవాళ్ళే నింపాల్సి వస్తుందన్న సంగతి ఎనిమిదేళ్ళ హాతిమ్‌కి కూడా తెలుసు. వంకాయలు వేయిస్తున్న ఇన్షిరాహ్ మంట తగ్గించి వచ్చి, సీసాలన్నీ చంకల్లో, చేతుల్లో ఇరికించుకుని సింక్ దగ్గరికి మోసుకుపోయింది.

ఈజిప్టులోని ఆ కెనా ఊళ్ళో మే నెల వచ్చిందంటే కుళాయి నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు. గోడకి బిగించిన ఫిల్టర్ లోంచి నీళ్ళు దారంలా పడతాయి, సీసాకి నాలుగు నిమిషాల చొప్పున. పదకొండు సీసాలూ నిండేసరికి ముప్పావుగంట, రోజూ, నిలబడి. ఈ మాట ఒకసారి మొగుడితో అంది. "నీళ్ళు పట్టడం కూడా ఒక పనేనా? పట్టేది కుళాయి, నువ్వు చూస్తుంటావు" అన్నాడతను. అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, తాను కాపురానికొచ్చిన కొత్తలో కాలవ నుంచి బిందె నెత్తిన పెట్టుకుని మోసిన కథ ఎత్తుకుంది. ఆ కథ మొదలైతే సీసాలు నిండేదాకా ఆగదు. ఇంతా చేసి, అందరికీ వడ్డించి ఇన్షిరాహ్ కూర్చునే వేళకి మిగిలేవి అప్పుడే పట్టిన వెచ్చటి సీసాలు. పద్నాలుగేళ్ళ కాపురంలో తన ఇంట్లో, ఎండాకాలంలో, ఒక్క చల్లటి గ్లాసు తాగిన గుర్తు ఆమెకి లేదు.

అలాగని ఆమె ఎప్పుడూ మూతి ముడుచుకుని ఉండే రకం కాదు. ఆ వంటింట్లో ఆమెకి నచ్చిన పని ఒకటుంది. తెల్లారగానే కర్కడే పూలు నానబెట్టడం. అవి మన గోంగూరకి దగ్గర చుట్టాలే, అదే పులుపు, అంతకంటే ఎక్కువ ఎరుపు. ఒకరోజు కర్కడే, ఒకరోజు పుదీనా వేసిన నిమ్మరసం, ఒకరోజు చింతపండు పానకం. చక్కెర ఎంత పడాలో ఆమె చేతికే తెలుసు. వీధిలో పిల్లలంతా రంగునీళ్ళ సోడాల కోసం ఏడుస్తుంటే తన పిల్లలు ఇంటికి పరిగెత్తుకొస్తారు. ఆ ఎర్రటి గ్లాసు వెలుగుకి ఎత్తి చూసుకున్నప్పుడు తన బతుకు బాగానే ఉందనిపించేది.

ఇన్షిరాహ్ బడిలో ఆరోగ్య కార్యకర్త. ఆఫీసు గదిలో ఆడమనిషి ఆమె ఒక్కతే కాబట్టి ఎవరైనా పెద్దలొస్తే టీ పెట్టే పని కూడా ఆమెదే. ఆ ఏడు పిల్లలకి వరసగా నోటిపూతలు, వాంతులు పట్టుకున్నాయి. అందరూ కుళాయికి గొలుసుతో కట్టిన ఒకే గ్లాసుతో తాగడం, సోడా అయిపోయిన పల్చటి సీసాల్ని నెలల తరబడి నింపుకోవడం ఆమె కనిపెట్టింది. "ఆ సీసా ఒక్కసారి తాగి పారేయడానికి చేసింది. ఎండలో పెడితే వాసనొస్తుంది, లోపల చెయ్యి పట్టదు, తోమడం కుదరదు" అని తరగతి తరగతికీ తిరిగి చెప్పింది. ఎవరి సీసా వాళ్ళకుండాలి, స్టీలుదైతే మేలు, పైన పేరుండాలి అంది. నెల తిరిగేసరికి బడంతా సీసాలు, సీసాల మీద పేర్లు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిస్తే పదకొండు సోడా సీసాలు పళ్ళికిలించాయి. శకునాలు చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆమె పని.

మర్నాడే అయిదు స్టీలు సీసాలు కొనుక్కొచ్చింది, అన్నీ ఒకే నీలం. పాత సామాన్ల బండి వస్తే సోడా సీసాలు పదకొండూ దాంట్లో పడేసింది. మళ్ళీ గడప తొక్కకూడని వాళ్ళ వెనకాల మట్టికూజా పగలగొట్టడం ఆ ఊళ్ళో అలవాటు. వంటింట్లో కూజా ఉంటే ఆమె ఆ పనీ చేసేదే.

పేర్లు రాసింది పదమూడేళ్ళ రీహామ్. దాని రాత ముత్యాల్లా ఉంటుంది. తల్లి ఎర్ర గోళ్ళరంగు తీసి తన పేరు, తమ్ముడి పేరు, తండ్రి పేరు రాసి, నాలుగో సీసా దగ్గర ఆగింది.

"ఉమ్ హాతిమ్ అని రాయనా?"

"ఇన్షిరాహ్ అని రాయి."

"అవునూ, నీకు మొదట పుట్టింది నేను కదా. ఉమ్ రీహామ్ అని ఎందుకనరు?"

"అయిదేళ్ళు అన్నారు. తమ్ముడు పుట్టాక మానేశారు."

రీహామ్ బ్రష్ మళ్ళీ రంగులో ముంచింది. ఆ నాలుగో పేరు మాత్రం మిగతా వాటికంటే పెద్దగా రాసింది. అయిదో సీసా నానమ్మకని తీసుకెళ్తే ఆవిడ, "ఇనప సీసాతో నీళ్ళు తాగడానికి నేనేమన్నా పటాలంలో ఉన్నానా? తీసుకుపో!" అంది. హజ్ వెళ్ళొచ్చినప్పటి నుంచి ఇంటా బయటా అందరికీ ఆవిడ హాజ్జా. ఆవిడ తాగేది గదిలో పెట్టుకున్న తన మట్టికూజాతోనే. పేరులేని సీసా అల్మారాలోకి వెళ్ళింది.

"ఇకనుంచి ఎవరిది వాళ్ళే తోముకుని నింపుకోవాలి" అని ఇన్షిరాహ్ అన్నం దగ్గర చెప్పింది. పిల్లలకి అది ఆటలా ఉంది. ఫక్రీ విన్నట్టే తలూపాడు. మూడు రోజులు అతని సీసా గిన్నెల బుట్టలో బోర్లా పడి ఉంది. అతను హాతిమ్‌ది కొంత, రీహామ్‌ది కొంత తాగి నెట్టుకొచ్చాడు. ఇన్షిరాహ్ చూస్తూ ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకి ముప్పావుగంట నిలబడడం కంటే కష్టమైంది. చెయ్యి దానంతటదే అతని సీసా మీదికి వెళ్ళేది, వెనక్కి లాక్కునేది.

నాలుగో రోజు గురువారం. ఆఫీసుకి ఆలస్యమై, ఫ్రిజ్‌లో నిండుగా కనబడ్డ సీసా లాక్కుని ఫక్రీ వెళ్ళిపోయాడు. అది ఇన్షిరాహ్ బడికి తీసుకెళ్ళడానికి కర్కడే పోసి పెట్టుకున్నది.

ఫక్రీ పనిచేసేది జనన మరణాల నమోదు ఆఫీసులో. కిటికీ అవతల నిలబడ్డవాణ్ణి రోజుకి వందసార్లు "తల్లి పేరు?" అని అడుగుతాడు. మీసాలు మెలేసిన మగాళ్ళు కూడా అటూ ఇటూ చూసి, కిటికీలోకి వంగి, గుసగుసగా చెబుతారు. తల్లి పేరు, పెళ్ళాం పేరు నలుగురిలో పలకడమంటే అక్కడ తలకొట్టేసినట్టు. ఫక్రీ ఫోన్‌లో కూడా ఇన్షిరాహ్ నంబరు 'ఇల్లు' అని ఉంటుంది. ఆమె ఫోన్ చేస్తే ఇల్లే ఫోన్ చేసినట్టు.

మధ్యాహ్నం అతను ఇంటికొచ్చేసరికి చేతిలో పాత పేపరు చుట్టిన పొట్లం ఉంది. విప్పితే నీలం సీసా. దాన్ని పేపరు చుట్టి వీధుల్లోంచి తెచ్చాడు.

"తుడిచెయ్యి" అన్నాడు.

"ఏమైంది?"

"ఏమైందా? బల్ల మీద పెట్టాను. పక్క సీటు సబ్రీగాడు తిప్పి చదివాడు, గొంతెత్తి! ఇన్షిరాహ్ ఎవరు ఫక్రీ, అని. గ్లాసులు తెచ్చుకుని తలా కాస్త పోసుకున్నారు. నీ పేరు ఆఫీసులో అందరి నోళ్ళలో నానింది!"

"తాగి ఏమన్నారు?"

"ఏమంటారు! ఇన్షిరాహ్ చేతులు చల్లగుండ అన్నారు. చక్కెర సరిగ్గా పడింది అన్నారు. అదా ఇప్పుడు ముఖ్యం?"

ఇన్షిరాహ్‌కి నవ్వొచ్చింది. పద్నాలుగేళ్ళుగా ఆ ఆఫీసుకి ఆమె చేతి పానీయాలు వెళ్తున్నాయి. వాటిని అక్కడ 'ఫక్రీగారి కర్కడే' అంటారని ఆమెకి తెలుసు.

"సాయంత్రంలోపు ఆ పేరు పోవాలి. కావాలంటే ఉమ్ హాతిమ్ అని రాసుకో, ఎవరొద్దన్నారు?" అని చెప్పి ఫక్రీ తిని, కునుకు తీయడానికి వెళ్ళాడు.

ఆమె వంటింటి బల్ల దగ్గర సీసా, దూది, గోళ్ళరంగు తుడిచే మందు పెట్టుకుని కూర్చుంది. ఒక్కసారి రుద్దితే పోతుంది. చిన్న విషయం, దీనికి గొడవెందుకు అనుకుంది. అనుకున్న మరుక్షణం, తన పెళ్ళయినప్పటి నుంచి తాను వదులుకున్నవన్నీ ఇలా చిన్న విషయాలే కదా అనిపించింది. చల్లటి గ్లాసు చిన్నదే. ముప్పావుగంట చిన్నదే. పేరు ఎంత, నాలుగు అక్షరాలు. బడిలో ఆరువందల మంది పిల్లలు ఇన్షిరాహ్ టీచర్ అని పిలుస్తారు, ఏ ఒక్కరి పరువూ పోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. తాను రచ్చ గెలిచొచ్చి ఇంటి గుమ్మంలో నిలబడిపోయింది. కోపమూ వచ్చింది, తన మీద తనకి జాలీ వేసింది. దూది తడిపింది కానీ చెయ్యి ముందుకి పోలేదు.

"చెరిపేస్తున్నావా?" హాజ్జా గుమ్మంలో నిలబడి ఉంది.

"మీ అబ్బాయి చెరపమన్నారు, అత్తయ్యా."

"విన్నాలే. నాకేం చెవుడా?" ఆవిడ వచ్చి స్టూలు మీద కూలబడింది. "వాడికి తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు బళ్ళోంచి ముక్కు పగలగొట్టుకుని వచ్చాడు. చొక్కా నిండా రక్తం. ఎవడో నా పేరు కనుక్కుని బడి మధ్యలో అరిచాడంట. వీడు వాడి మీదపడ్డాడు. కడుగుతుంటే నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? నీకు పేరెందుకుందమ్మా, అన్నాడు."

ఇన్షిరాహ్ దూది కింద పెట్టేసింది.

"నా పెళ్ళి పత్రిక మీద కూడా లేదు. 'ఫలానా వాళ్ళమ్మాయి' అని వేశారు. తర్వాత ఫలానా వాడి పెళ్ళాం, ఫక్రీ వాళ్ళమ్మ, ఇప్పుడు హాజ్జా. మా అమ్మ చచ్చిపోయాక నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు." ఆవిడ ముక్కు చీదుకుని, విసుగ్గా, "ఆ ఇంకో ఇనప సీసా పారేశావా, ఉందా?" అంది.

ఇన్షిరాహ్ అల్మారాలోంచి తీసి ఇచ్చింది. రీహామ్‌ని పిలిస్తే గోళ్ళరంగు పట్టుకుని వచ్చి కూర్చుంది.

"ఏం రాయను? హాజ్జా అనా?"

"పేరు రాయవే, పేరు."

"నీ పేరేంటి నానమ్మా?"

ముసలావిడ కొడుకు పడుకున్న గది వైపు ఒకసారి చూసింది. కిటికీ దగ్గర వంగి చెప్పే మగాళ్ళలా గొంతు తగ్గించబోయి, ఆగి, మామూలుగానే చెప్పింది. "నబవియ్యా."

ఆ సాయంత్రం అత్తా కోడళ్ళు సింక్ దగ్గర వరసలో నిలబడ్డారు. హాజ్జా తన సీసా తనే పట్టుకుంది. సగం నిండేసరికే నడుం పట్టేసింది. "ఎంత సన్నగా పడుతుందే ఇది! రోజూ పదకొండు పట్టావా?" అంది. ఇన్షిరాహ్ రంగు తుడిచే మందు సీసా మూత బిగించి లోపల పెట్టేసింది. ఫక్రీ లేచి వచ్చి బల్ల వైపు చూశాడు. ఆమె తలెత్తి, "నేను చెరపలేదు. చెరపను కూడా" అంది, కేకలేమీ లేకుండా. అతను పక్కనే సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లిని చూసి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి ఫక్రీ చెమటలు కక్కుకుంటూ వచ్చి, నేరుగా ఫ్రిజ్ తెరిచాడు. నాలుగు సీసాలు, చల్లగా, నిండుగా. అయిదోది బుట్టలో బోర్లా, అతని పేరు తలకిందులుగా. చెయ్యి చాపాడు.

"అది నాది నాన్నా! ఎంగిలి చెయ్యకు!" హాతిమ్ బల్ల దగ్గర నుంచి అరిచాడు. "బళ్ళో చెప్పారు, ఎవరిది వాళ్ళే తాగాలని."

రెండోదాని మీద రీహామ్. మూడోది పట్టుకుని తిప్పాడు. ఎర్రటి అక్షరాలు, నబవియ్యా. చుర్రుమన్నట్టు చెయ్యి తీసేసి తలుపు మూశాడు. కుర్చీలో కూర్చుని ఉన్న హాజ్జా విసనకర్ర ఊపుకుంటూ, "ఏరా, అంత దాహమా? అడిగితే పోస్తాను కదా" అంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఫ్రిజ్ మళ్ళీ తెరిచి, చల్లగాలికి ముఖం పెట్టి, ఎంతోసేపు నిలబడ్డాడు.

ఇన్షిరాహ్ మొలోఖియా ఆకు తరుగుతోంది. పక్కనే చల్లటి కర్కడే గ్లాసు, అప్పటికే రెండు గుక్కలు తాగింది. పళ్ళు జివ్వుమన్నాయి, ప్రాణం లేచొచ్చింది.

"ఇన్షిరాహ్" అన్నాడు ఫక్రీ, ఫ్రిజ్‌లోకి చూస్తూ, తల్లి ముందు, పిల్లల ముందు. హాతిమ్ కిసుక్కున నవ్వాడు. "నీ సీసాలోంచి ఒక గ్లాసు పోసుకోనా?"

ఆమె కత్తి ఆపలేదు.

"పోసుకోండి. తాగి, నింపి పెట్టండి."