అద్దం పక్క సీటు

నర్సింహ ఎర్ర కుర్చీల వరస తుడుచుకుంటూ ఐసు మైదానం చుట్టూ ఉన్న అద్దం దాకా వచ్చేసరికి, దాని మీద ఎండిపోయిన రక్తపు చార కనిపించింది. పొద్దుటి ప్రాక్టీసులో ఎవరి ముక్కో మూతో తగిలి ఉంటుంది. చార ఐసు వైపుంది, ఇవతల నుంచి ఎంత రుద్దినా పోదు. ఆ సంగతి తెలిసి కూడా రెండుసార్లు రుద్దాడు. టాకీసులో తెర మీద బల్లి పాకితే అతని తండ్రి అంజయ్య చీపురు పట్టుకుని పరిగెత్తేవాడు. తుడిచే అలవాటు వంశంలోనే ఉంది.

ఆ శనివారం మధ్యాహ్నం ఐస్ హాకీ ఆట. నర్సింహ మనసులో దాన్ని మ్యాట్నీ అనే అనుకుంటాడు. మామూలుగా అతని డ్యూటీ స్టేడియంలో అన్నిటికన్నా పైన, కప్పుకి తల తగులుతుందేమో అనిపించే చోట. ఇవాళ కింద ఉండాల్సినవాడు జ్వరమని రాకపోవడంతో సూపర్‌వైజర్ అతన్ని అద్దం పక్క వరసల దగ్గర నిలబెట్టింది. పంపేటప్పుడు ఒకటే మాట చెప్పింది. పైటికెట్ వాడు ఒక్కడు కూడా కిందికి దిగి కూర్చోకూడదు. కంప్లయింట్ వచ్చిందంటే రేపటి నుంచి రానక్కరలేదు.

పని పోతే ఫీజు పోతుంది, ఫీజు పోతే కాలేజీ పోతుంది, కాలేజీ పోతే ఈ దేశంలో ఉండే పర్మిట్ పోతుంది. మన పిల్లలు విమానాలు నిండా వచ్చి మాంట్రియల్‌లో దిగుతున్న రోజులవి. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురు పడుకుంటే, ఆ ఆరుగురూ నిద్రలో కూడా ఈ వరసే అప్పజెప్పేవాళ్ళు.

జనగామలో అంజయ్య టాకీసు గేట్‌మన్. నర్సింహ డిగ్రీ అయ్యాక అదే టాకీసులో టార్చిలైటు పట్టుకుని సీట్లు చూపించాడు. టాకీసు మూతబడి ఫంక్షన్ హాలు అయ్యాక, ఎవరో చెబితే, బిజినెస్ డిప్లొమా అని ఇక్కడికొచ్చాడు. అంత దూరం వచ్చి చేస్తున్నది మళ్ళీ సీట్లు చూపించడమే. కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు గానీ, నర్సింహకి వచ్చినది ఒకటే విద్య.

ఆ విద్య కూడా ఇక్కడ తలకిందులైంది. టికెట్టుని ఫ్రెంచ్‌లో బియ్యే అంటారని విని, వీళ్ళు గేటు దగ్గర బియ్యం ఎందుకు అడుగుతున్నారా అని మొదటి రోజు బిత్తరపోయాడు. అదే రోజు సూటూ బూటూ వేసుకున్న ఒక పెద్దమనిషిని, మర్యాద కొద్దీ, టికెట్టు చూడకుండానే పైకంటా ఎక్కించాడు. బాల్కనీ కదా మరి. అద్దానికి ఆనుకుని కూర్చున్నవాళ్ళని చూసి, నేల టికెట్టు గాళ్ళు, పాపం మెడలు పట్టేస్తాయని జాలిపడ్డాడు. ఇక్కడ నేల టికెట్టే బంగారమని, దాని ధర తమ బేస్‌మెంట్ నెల అద్దెకి మించి ఉంటుందని తర్వాత తెలిసింది. ఆ ధర పెట్టి కొనేది మనుషులు కాదు, కంపెనీలు. కంపెనీల అతిథులు వస్తారు, ఫొటో దిగుతారు, లాంజ్‌లోకి పోయి తింటూ కూర్చుంటారు. తాతముత్తాతల నుంచి ఈ ఆట మీద ప్రాణం పెట్టుకున్న ఊరివాళ్ళు టీవీ ముందు కూర్చుంటారు, లేదా పప్పూ ఉప్పూ మానుకుని పైవరస కొనుక్కుని, కింద ఖాళీగా ఉన్న ఎర్ర కుర్చీలని చూస్తూ పళ్ళు కొరుకుతారు.

“టికెట్ దొరకనోని కోపం గేటు మీదనే పడ్తది బిడ్డా,” అనేవాడు అంజయ్య. పెద్ద హీరో సినిమా మొదటి రోజు జనం తోసిన తోపుకి ఇనప గేటుకీ స్తంభానికీ మధ్య ఆయన కుడిచేతి వేళ్ళు నలిగాయి. ఎముకలు విరిగిన చప్పుడు ఈలల్లో ఎవరికీ వినపడలేదు. అప్పట్నుంచీ ఆయన టికెట్లు ఎడమచేత్తోనే చింపేవాడు.

ఆట మొదలైంది. పైనుంచి చూస్తే చీమలు పరిగెత్తినట్టుండే ఆట ఇక్కడ వేరుగా ఉంది. తొంభై కిలోల మనిషి ఇంకొక తొంభై కిలోల మనిషిని పరుగున వచ్చి అద్దానికేసి కొడితే అద్దమంతా ఊగి నర్సింహ దవడలు అదిరాయి. రెండో భాగంలో ఇద్దరు గ్లవ్స్ విసిరేసి ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. రిఫరీలు ఆపలేదు, చుట్టూ తిరుగుతూ చూశారు. ఒకడి కనుబొమ చీలి ముఖమంతా రక్తమైంది. స్టేడియం మొత్తం లేచి నిలబడి ఇంకా కొట్టమని అరిచింది. ముందు వరసలో ఒక తల్లి చంటిదాన్ని భుజమ్మీద ఎత్తి మరీ చూపించింది. తర్వాత ఒకడు పార తెచ్చి ఎర్రబడ్డ ఐసుని గీకి ఎత్తుకుపోయాడు. అంతలో పాటలు పెట్టారు, అందరూ కూర్చుని పాప్‌కార్న్ తిన్నారు.

అద్దం పక్క సీట్లలో రెండు మాత్రం ఖాళీగానే ఉన్నాయి. వాటి తాలూకు సూటువాళ్ళిద్దరూ మొదట్లో వచ్చి, ఫొటో దిగి, లాంజ్‌లోకి పోయి మళ్ళీ రాలేదు.

రెండో విరామంలో మెట్ల మీద లూసియన్ కనిపించాడు. కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ దిగుతున్నాడు. రెండో చేతిలో ప్లాస్టిక్ గ్లాసుంది. పోయిన చలికాలం పై వరసలో తరచూ కనిపించిన ముసలాయన ఈ చలికాలం ఒక్కసారీ రాలేదు. పోయాడేమో అనుకున్నాడు.

లూసియన్ మాంసం ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. కుర్రతనంలో ఊళ్ళో ఆడుతుంటే పక్ అనే రబ్బరు బిళ్ళ దెబ్బకి ముందుపళ్ళన్నీ రాలిపోయాయి. జాతీయగీతం అయిపోగానే పళ్ళ సెట్టు తీసి గ్లాసులో వేసుకుని కూర్చునేవాడు. ఆట అయ్యేదాకా తనూ ఆటగాడేనట. అయ్యాక పళ్ళు పెట్టుకుని మర్యాదస్థుడై ఇంటికి పోతాడట. నర్సింహ అంటే సింహమని తెలిసిన రోజు నుంచీ అతన్ని “లియోన్” అని పిలిచేవాడు. ఊళ్ళో తన పేరుకి సింహం ఉందని గుర్తుచేసినవాడు ఒక్కడూ లేడు. నర్సింహ పైకి ట్రైనింగ్‌లో నేర్పినట్టు “మోసియే”, అంటే అయ్యా, అనేవాడు. లోపల మాత్రం ఆయన అతనికి తాతే.

“పైన నీకోసం వెతికాను, లియోన్,” అన్నాడు లూసియన్, సగం ఫ్రెంచూ సగం ఇంగ్లీషూ, పళ్ళు లేని నోటితో. “ఈ ఏడాది ఒక్క ఆటకే డబ్బు కూడింది. మళ్ళీ ఏడాది నేను ఉండను. డాక్టరు చెప్పాడు.”

నర్సింహ ఆయన మోచెయ్యి పట్టుకుని చివరి మెట్టు దింపాడు.

“డెబ్భై ఏళ్ళుగా చూస్తున్నాను. ఒక్కసారి కూడా వినలేదు. పైన పాటలే వినిపిస్తాయి. ఐసుని స్కేటు కోసే చప్పుడు ఇక్కడే వినిపిస్తుంది.” ఆయన ఖాళీ కుర్చీ వైపు చూశాడు. “కాసేపు.”

సూపర్‌వైజర్ మాట చెవిలో ఉంది. ఫీజూ కాలేజీ పర్మిటూ వరసగా గుర్తొచ్చాయి. అంజయ్య వేళ్ళు కూడా గుర్తొచ్చాయి. నర్సింహ అటూ ఇటూ చూసి, గుడ్డ తీసి, తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడిచాడు.

“కూర్చోండి, మోసియే,” అన్నాడు.

లూసియన్ గ్లాసుని కుర్చీ చేతికున్న గుంటలో జాగ్రత్తగా పెట్టి కూర్చున్నాడు. మూడో భాగం మొదలవగానే కళ్ళు మూసుకున్నాడు. డెబ్భై ఏళ్ళ కోరిక తీరే వేళ కళ్ళు మూసుకునేవాణ్ణి నర్సింహ ఎక్కడా చూడలేదు. స్కేట్లు కర్ర్‌మని కోసుకుంటూ ముందు నుంచి పోతుంటే ఆయన తల అటూ ఇటూ ఆడింది. ఒక ఆటగాడు ఎదుటివాణ్ణి సరిగ్గా ఆయన ముఖం ముందే అద్దానికేసి పగలగొట్టినట్టు కొడితే, ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, చిగుళ్ళు కనపడేలా నవ్వాడు. నర్సింహకి కూడా నవ్వొచ్చింది. ఈ దేశం వచ్చాక తను చేసిన ఒక్క మంచి పని ఇదేనేమో అనుకున్నాడు.

అప్పుడొచ్చారు సూట్లు. ఇద్దరికీ నిలవడానికి కాళ్ళు లేవు, చేతుల్లో బీరు మాత్రం నిండుగా ఉంది. లాంజ్‌లో కూర్చున్నంతసేపూ అక్కరలేని కుర్చీ, ఇంకొకడు కూర్చునేసరికి పిత్రార్జితమైపోయింది. పొడుగువాడు లూసియన్ కాలర్ పట్టుకుని లేపాడు. ముసలాయన కుర్చీ చెయ్యి వదల్లేదు. రెండోవాడు నవ్వుతూ బీరంతా ఆయన నెత్తిన ఒంపాడు. లూసియన్ లేచి వాడి ఛాతీ మీద గుద్దాడు. వాడు ముసలాయన చెంప మీద కొట్టాడు. తడి చెంప మీద పడ్డ దెబ్బ కాబట్టి గట్టిగా వినిపించింది. చుట్టుపక్కలవాళ్ళు ఆట వదిలేసి ఇటు తిరిగి ఫోన్లు ఎత్తారు.

నర్సింహ మధ్యలో దూరాడు. వచ్చిన నాలుగు ఫ్రెంచి ముక్కలూ, ఇంగ్లీషూ ఆ క్షణాన ఎటో పోయాయి. మిగిలింది తల్లి నేర్పిన భాష.

“తాతా, రా తాతా. పోదాం పా. ఆళ్ళతోని మనకెందుకు, తాతా.”

లూసియన్ ఠక్కున ఆగాడు. నర్సింహ వైపు తిరిగి, సరిగ్గా వినపడలేదన్నట్టు చూశాడు.

సూట్లు పడీపడీ నవ్వారు. “తాతా! తాతా!” అని పొడుగువాడు అందుకున్నాడు. వెనక వరస అందుకుంది. ఆ పై వరస అందుకుంది. చప్పట్లు కొడుతూ, కాళ్ళు తన్నుతూ, ఒక గుంపు మొత్తం తాతా తాతా అని అరిచింది. వాళ్ళకి ఈ మాట ఎలా తెలుసునో నర్సింహకి అంతుబట్టలేదు. లూసియన్ ముఖం ముడుచుకుంది. సూట్లు కొట్టినప్పుడు కూడా అలా ముడుచుకోలేదు. మరుక్షణం ఆయన పిడికిలి నర్సింహ ముక్కు మీద పడింది. మాంసం నరికిన చెయ్యి అది. నర్సింహ మెట్ల మీద కూలబడ్డాడు. నోట్లోకి రక్తం ఉప్పగా దిగింది.

సెక్యూరిటీ వాళ్ళిద్దరు వచ్చి లూసియన్ చేతులు వెనక్కి విరిచారు. సూపర్‌వైజర్ వాళ్ళ వెనకే వచ్చి నర్సింహ ముందు నిలబడింది.

“ఇతన్ని ఇక్కడ నువ్వు కూర్చోబెట్టావా?”

లూసియన్ కూడా జవాబు కోసం చూస్తున్నాడు. నర్సింహ ముక్కు నొక్కిపట్టుకుని, ఆయన కళ్ళలోకి చూడకుండా, “నో,” అన్నాడు.

మెట్ల మీద ముసలాయన కాళ్ళు ఈడ్చుకుపోతుంటే జనం ఈలలు వేశారు. ఒకడు పాప్‌కార్న్ విసిరాడు. ఆయన ఏదో అంటున్నాడు గానీ, చిగుళ్ళ మధ్య నుంచి వచ్చింది గాలే.

బీరు కౌంటర్ దగ్గర పనిచేసే నిఖిల కాగితం నాప్‌కిన్‌లో ఐసు చుట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఫ్రెంచి బడిలో చదువుకున్న ఒక తెలుగు డాక్టరుగారి అమ్మాయి.

“అన్నా, వాట్ డిడ్ యూ సే టు హిమ్?”

“నేనేమన్న. తాతా అన్న.”

నిఖిల ఐసు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. “ఓ నో. అన్నా, ఇక్కడ తాతా అంటే ఇడియట్ అని. ఎగ్జాక్ట్లీ సేమ్ సౌండ్. చేతకాని వెర్రివాణ్ణి అంటారు అలా.”

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నర్సింహ నోరు జారలేదు కూడా. ఉన్నవాటిలో అన్నిటికన్నా మంచి మాట ఏరి ఇచ్చాడు. అది ఆయనకి కత్తిలా దిగింది. దాని మీద ‘నో’ ఒకటి. మొదటిది పొరపాటు, రెండోది కాదు. ఆ తేడా అతనికి తెలుసు.

“తాతకి మీ ఫ్రెంచ్‌ల ఏమంటరు?” అని అడిగాడు.

“గ్రాంపేర్. పెపే అంటారు ముద్దుగా.”

నర్సింహ గేటు వదిలి పరిగెత్తాడు. డ్యూటీలో గేటు వదలడం అతని జన్మలో అదే మొదటిసారి. పెపే, పెపే అనుకుంటూ, మర్చిపోకుండా, కౌంటర్లూ తలుపులూ దాటి బయటి ద్వారం దగ్గరికి వచ్చాడు. బయట మధ్యాహ్నపు ఎండ మంచు మీద పడి కళ్ళలో పొడిచింది. గెంటేసినవాళ్ళని కూర్చోబెట్టే బెంచీ మీద ఎవరూ లేరు. దాని పక్కన ఒక గార్డు మాత్రం చేతులు రుద్దుకుంటున్నాడు.

“ముసలాయనా? అంబులెన్స్‌లో తీసుకుపోయారు,” అన్నాడు గార్డు. “తొందరేం పడలేదు. సైరన్ కూడా వేయలేదు. బెంచీ మీద కూర్చోబెట్టాం, అలాగే పక్కకి ఒరిగాడు. అంతకుముందు ఏదో అడుగుతూనే ఉన్నాడు. నోట్లో పళ్ళు లేవు కదా, మాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.”

లోపల హారన్ మోగింది. సొంత ఊరి జట్టు గెలిచింది. తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకుని జనం పాడుకుంటూ బయటికొచ్చారు. ఎవరి భుజమో తగిలి నర్సింహ ముక్కు మళ్ళీ కారింది. అతను వాళ్ళకి ఎదురు నడిచి లోపలికి పోయాడు. సూపర్‌వైజర్ అతన్ని చూసి, రేపు కూడా కిందనే నిలబడమంది. గట్టిగా నిలబడ్డావని మెచ్చుకుంది కూడా. చీపురు తీసుకుని అతను పై మెట్టు నుంచి మొదలుపెట్టి ఊడ్చుకుంటూ దిగాడు. కప్పులు, కాగితాలు, పాప్‌కార్న్, ఎవరిదో గ్లవ్. చివరి వరసకి వచ్చి ఆగిపోయాడు.

అద్దం పక్క కుర్చీ చేతి గుంటలో ప్లాస్టిక్ గ్లాసు అలాగే ఉంది. దాని అడుగున, చిందిన బీరులో సగం మునిగి, ఐసు వైపు తిరిగి పళ్ళ సెట్టు నవ్వుతోంది.