నాలుగు వరుసల వాగ్దానం

బైబిలు వచనం అచ్చేసే వాగ్దానం కార్డు మీద నాలుగు వరుసలకు మించి పట్టవు. ఐదో వరుస వేస్తే కింద ఉన్న పావురం బొమ్మకు తల ఎగిరిపోతుంది. అందుకని ప్రెస్సులో అక్షరాలు కూర్చే ఆవిడ, తమ చర్చి సంఘానికి ఐదువందల కార్డులు చేసేటప్పుడు పొడుగు వచనాలను అక్కడక్కడా కత్తిరించింది. పాస్టరుగారు చూసి "ముచ్చటగా వచ్చాయమ్మా" అంటే పొంగిపోయింది కూడా.

ఆదివారం ఆరాధన అయ్యాక కార్డుల పెట్టెలో చెయ్యి పెట్టి ఒకటి తీసుకున్న ఆమె మొగుడికి దేవదూతల కార్డు వచ్చింది. కాలికి రాయి తగలకుండా దూతలు నిన్ను చేతుల మీద ఎత్తి పట్టుకుంటారనే మాట. ముప్ఫై అంతస్తుల మేడలకు తాడు మీద వేలాడుతూ అద్దాలు తుడిచేవాడికి అంతకన్నా ఏం కావాలి? కార్డును హెల్మెట్ లోపల అతికించుకున్నాడు. ఆమె అన్నయ్యదీ అదే పని, అదే జట్టు. "మా బావకి లాటరీ తగిలింది" అని అందరిముందూ ఆటపట్టించాడు.

పదిరోజులకు ఆ అన్నయ్యే ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"మీ ఆయన రెండో తాడు కట్టుకోవడం మానేశాడే. అడిగితే ఆకాశం వైపు చూపిస్తున్నాడు."

మొదటి తాడు తెగితే మనిషిని పట్టి ఆపేది ఆ రెండోదే. ఇంటికి రాగానే మొగుణ్ణి నిలదీసింది.

"సగం దేవుడు, సగం తాడు అంటే అదేం నమ్మకమే?" అన్నాడతను చిరునవ్వుతో.

అరిచే మొగుడైతే ఆమె ఎలాగో దారికి తెచ్చుకునేది. ఈ చిరునవ్వును ఎలా దారికి తేవాలో తెలియలేదు.

పాస్టరుగారి దగ్గరికి పరుగెత్తింది. "వాక్యాన్ని నమ్మొద్దని నేనెలా చెప్పనమ్మా? విశ్వాసం పెరిగిందని సంతోషించు" అన్నారాయన. ఆయనకేం, ఎప్పుడూ నేల మీద నిలబడే మనిషి.

ఇక తనే బైబిలు ముందేసుకుని కూర్చుంది. ఆ మాట రెండుచోట్ల దొరికింది. ఒకటి కీర్తనలో. రెండోచోట ఆ మాట అన్నది సాతాను. యేసును గుడి శిఖరం మీదికి తీసుకుపోయి, దూకు, దూతలు పట్టుకుంటారులే అన్నాడు. కీర్తనలో మాత్రం, నువ్వు నడిచే దారులన్నిటిలో కాపాడతారని ఉంది. సాతాను ఆ దారుల ముక్క మింగేశాడు. ఆమె కార్డు తీసి చూసుకుంది. పావురం తల కోసం తను కోసేసిందీ సరిగ్గా ఆ ముక్కనే.

మొగుడి ముందు రెండు పేజీలూ తెరిచిపెట్టింది. "దూకమన్నదెవరో చూడండి. దూకనన్నదెవరో కూడా చూడండి. నేనే కోశానండీ, తప్పు నాదే" అని భోరుమంది.

అతను చాలాసేపు చదివాడు. తర్వాత హెల్మెట్ లోంచి కార్డు ఊడదీశాడు.

మర్నాడు మనసాగక పని జరిగే మేడ దగ్గరికి వెళ్ళింది. మొగుడు కింద సామాను సర్దుకుంటున్నాడు. భుజాన రెండు తాళ్ళు! ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"ఇంతకీ ఆ కార్డు చింపేశారా?"

"వాక్యాన్ని ఎలా చింపుతానే? మీ అన్నయ్య అడిగాడు, పొద్దున్నే ఇచ్చేశాను. ఇన్నాళ్ళూ ఒక్క తాడు మీద నాకేం కాకపోవడం కళ్ళారా చూశాడుగా, అతనికీ గురి కుదిరింది."

"ఆ కోసిన ముక్క సంగతి చెప్పారా?"

"సాయంత్రం తీరిగ్గా చెబుదామనుకున్నా."

ఆమె తలెత్తింది. ఇరవయ్యో అంతస్తు దగ్గర అన్నయ్య అప్పటికే పనిలో ఉన్నాడు. పైనుంచి అతని దాకా ఒక్కటే తాడు.

"అన్నయ్యా!" అని గొంతు చించుకుని అరిచింది.

వినబడింది. అతను కిందికి చూసి, చెల్లెల్ని గుర్తుపట్టి, సంతోషంగా రెండు చేతులూ వదిలేసి ఊపాడు.