సగం దించిన షట్టరు

మా వీధిలో దుకాణాలన్నీ ఒకే వరుస, పడమటి ముఖం. ఎదురుగా రైల్వే గోడ. మధ్యాహ్నం రెండు దాటితే ఎండ పిలవని చుట్టంలా లోపలికి వచ్చి కూర్చుంటుంది. అందుకని ఐదు దాకా షట్టరు నడుము ఎత్తుకు దించి పని చేసుకుంటాం. అలవాటైనవాళ్ళు వంగి వస్తారు. ఆ వేళప్పుడు షట్టరు పూర్తిగా పైకి ఉందంటే ఎవరో దుకాణం ఖాళీ చేసి సామాను తీసుకుపోతున్నారని మా వాళ్ళకు గుర్తు.

ఇది తెలియని పురపాలక ఆఫీసరు ఒకరు మూడు గంటలకు వచ్చి, వీధి చివర నుంచే లెక్క రాసుకుపోయారు. ఇరవై రెండు దుకాణాలూ మూత. సగం దుకాణాలు మూతపడిన వీధిని బాగుచేయాలని వాళ్ళ నియమం. బాగుచేయడమంటే పడగొట్టి, పెద్ద బజారుకు కార్లు నిలిపే చోటు కట్టడమట.

నాది గడియారాల మరమ్మతు. పక్కది మా వదిన కుట్టు దుకాణం. అన్న పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ మిషను మీదే చదివించింది. మళ్ళీ లెక్కపెట్టమని అర్జీ మొదట పెట్టిందీ తనే. ఆఫీసరు గురువారం మూడింటికి వస్తానన్నారు.

ముందురోజు సంఘం పెద్ద, ఇనుప సామాన్ల మామయ్య, అందరినీ కూర్చోబెట్టాడు. రేపు షట్టర్లన్నీ పూర్తిగా ఎత్తాలన్నాడు. అందరూ సరేనన్నారు, వదిన తప్ప.

"నా గుడ్డలు వెలిసిపోతే రంగు మీరేస్తారా మామయ్యా?"

ఒక్కరోజుకు ఏమవుతుందని నేను సర్దిచెప్పబోయాను.

"కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేవాణ్ణి నిద్రపోతున్నాడని రాసుకుపోయారు. ఇప్పుడు కళ్ళు తెరిచి దణ్ణం పెట్టమంటావా మరిదీ? నేను దించే ఉంచుతా."

మరునాడు పొద్దున దేవుడి ముందు కూర్చున్నప్పుడూ అదే ఆలోచన. తెరిచి ఉన్న దుకాణాన్ని తెరిచి ఉన్నట్టు చూపడం అబద్ధమెలా అవుతుంది? కాదు. మరి మనసెందుకు ఒప్పుకోవడం లేదు? అయినా మధ్యాహ్నం నలుగురితోపాటు నేనూ షట్టరు ఎత్తేశాను.

మూడయింది. ఎండ గాజు అద్దాల మీద పడి కళ్ళు పొడిచేస్తోంది. వీధి నోరు తెరుచుకుని ఉంది గాని పురుగు కూడా లేదు. మలుపు దగ్గర జనం గుంపుగా నిలబడిపోయారు. ఏమిటని వెళ్ళి అడిగితే, పాత గడియారం చేతపట్టుకున్న పెద్దమ్మ దిగులుగా అంది: "అందరూ ఒక్కసారే ఖాళీ చేస్తున్నారా నాయనా? మాకో మాటైనా చెప్పలేదేం?"

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికే ఆఫీసరు ఖాళీ వీధి చూసి పెదవి విరుస్తున్నారు. వదిన దుకాణం ముందుకు వచ్చి, "ఇది మూత," అని కలం ఎత్తారు. లోపల మిషను గడగడమంది. ఎవరో పకపకా నవ్వారు. ఆయన చెయ్యి ఆగింది.

"వంగి రండి సార్," అంది వదిన లోపలినుంచి. "ఇక్కడ అందరూ అలాగే వస్తారు. మీకన్నా పొడుగువాళ్ళు కూడా."

ఆయన వంగారు. లోపల నలుగురు ఆడవాళ్ళు కొలతలకు కాచుకుని ఉన్నారు.

నేను కొక్కెం కడ్డీ తీసుకుని నా షట్టరు సగానికి లాగాను. ఆ చప్పుడుకు పక్కవాడు లాగాడు, ఆ పక్కవాడు లాగాడు. చివరికి మామయ్య కూడా గొణుక్కుంటూ లాగాడు. మలుపు దగ్గర జనం కదిలారు. పెద్దమ్మ అందరికన్నా ముందు వంగి నా దుకాణంలోకి దూరింది.

ఆఫీసరు ప్రతి షట్టరు కిందా వంగి లేచేసరికి చొక్కా తడిసిపోయింది. మళ్ళీ వదిన దగ్గరికే వచ్చి, కాగితంలో తెరిచినవి, మూసినవి అని రెండే గడులున్నాయని, సగానికి చోటు లేదని అన్నారు.

"మూడోది గీయండి."

"నాకా అధికారం లేదమ్మా."

"మమ్మల్ని మూత అని రాయడానికి ఉన్న అధికారమే సార్."

వదిన బల్ల మీది కొలతల స్కేలు తీసి ఆయన ముందు పెట్టింది. వంకర పోకుండా గీయమంది. ఆయన గీశారు.

ఆ మూడో గడిలో ఇరవై రెండు దుకాణాలూ ఎక్కేదాకా ఆమె స్కేలు వెనక్కి తీసుకోలేదు.