మందుకు ముందు నీళ్లు

పాఠకులారా, మన అందాజుగారికి కొలతలంటే కలత. కూరలో ఉప్పయినా, పొలంలో పురుగుమందయినా ఆయనకు చేతి అందాజే. మందును మూతనిండా ఒంపి, "ఎక్కువైతే మంచిదేగా" అని మరికాస్త తగిలించి, స్ప్రేయరు వీపుకెత్తుకుని టమాటా తోటలోకి దిగేవారు. ఊరు పెట్టిన పేరు ఊరికే రాలేదు.

అలా మందు కొట్టిన కొన్నాళ్లకు ఒక ఉదయం తోటలో సగం తల వేలాడేసింది. ఆయన భార్య సాళ్ల వెంట వంగి వంగి ఆకులు తిరగేసింది.

"ఏమండీ, దారి పక్క మొక్కలన్నీ మాడిపోయాయి. ఇక్కడ నిలబడి ఎవరితో మాట్లాడారు?"

"పాలవాడితో. నీకెవరు చెప్పారు?"

"మొక్కలే చెప్పాయి. నోటితోపాటు పంపూ ఆడించి ఉంటారు. మా తమ్ముడి గట్టు పక్కనేమో పురుగులు పిల్లాపాపలతో కాపురం పెట్టాయి. అక్కడ పరుగెత్తారు కదూ?"

పరుగెత్తిన మాట నిజమే. బావమరిదికి అరువిచ్చిన నిచ్చెన ఒక మెట్టు పోగొట్టుకుని తిరిగొచ్చిన నాటి నుంచి ఈయన ఒక్క మెట్టూ దిగలేదు, ఆ గట్టు దగ్గర ఒక్క క్షణమూ ఆగలేదు.

"సీసా మీద ఎకరానికి ఇంత మందని రాశారు. మీ ట్యాంకు ఎంత నేలకు వస్తుందో తెలుసా?"

"అందాజుగా..."

"ఆ అందాజే సగం తోట మింగింది. మిగతా సగానికి పురుగు పట్టింది. ఈసారి కూడా తప్పితే మనకు మిగిలేది ఊతకర్రలే."

ఏడాది తిండి ఆ సగంలోనే ఉంది.

ఆమె ట్యాంకులో ఉత్త నీళ్లు పోసి, కొంత నేల కొలిచి నాలుగు మూలలా పుల్లలు పాతింది. "రోజూ నడిచే నడకే నడవండి. ఎన్ని నీళ్లు తగ్గాయో చూద్దాం."

మొదటిసారి నీళ్లు బోలెడు తగ్గాయి. రెండోసారి అందులో సగమే.

"మనిషి ఒక్కరే, నడకలు ఇద్దరివి," అంది భార్య. "మళ్లీ."

గట్టు మీద నుంచి బావమరిది చూడనే చూశాడు. "బావా, పురుగులకు స్నానం చేయిస్తున్నావా? తువ్వాలు తేనా?"

అందాజుగారి కాళ్లు పరుగుకు సిద్ధమయ్యాయి.

"నడక మారితే మళ్లీ మొదటికే," అంది భార్య.

ఆయన పళ్లు బిగించి, అడుగు మారకుండా అన్నారు: "తువ్వాలొద్దురా, నా నిచ్చెన మెట్టు తే."

ఆపై రెండుసార్లూ నీళ్లు ఒకేలా తగ్గాయి. మిగిలిన తోటకు ఎన్ని ట్యాంకులు పడతాయో భార్య లెక్కగట్టి, సీసా మీద రాసిన మందును వాటికి సమంగా పంచింది. ఒక్కో ట్యాంకుకు మూత సగం కూడా నిండలేదు. ఇన్నాళ్లూ తన మొక్కలకు తనే విషం పెట్టానని ఆయనకు అప్పుడర్థమైంది. చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పాలవాడు పిలిచినా పలక్కుండా తోటంతా ఒకే నడక నడిచారు.

కొన్నాళ్లకు ఆ సగం పచ్చగా తేరుకుని పూత పట్టింది. బావమరిది గట్టు దిగి వచ్చాడు.

"బావా, ట్యాంకుకు ఎంత పోశావో చెప్పు. నేనూ అంతే పోస్తాను."

"నా కొలత నీకెందుకు పనికొస్తుందిరా? నీ పంపు వేరు, నీ నడక వేరు. ముందు ఉత్త నీళ్లు కొట్టి నీ నడక కొలుచుకో, ఆ తర్వాతే సీసా మూత తియ్యి."